పాఠకుల ప్రశ్నలు – జవాబులు: యాత్రికుల కోసం వెలసిన యోకోహామా ఫొటో స్టూడియోలు

పాత ఫొటోల గురించి ఈ శీర్షికకు తరచుగా ఉత్తరాలు వస్తుంటాయి. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈసారి మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షించింది. దానికి సంబంధం ఉన్న మరికొన్ని ప్రశ్నలను కూడా చేర్చి, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఒకే విషయానికి కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారి తండ్రి ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేశారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పెట్టెలో ఒక బరువైన ఆల్బమ్ దొరికింది. అట్టలు నల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. వాటి మీద బంగారు రంగులో ఒక కొండ, ముత్యపుచిప్ప ముక్కలతో పొదిగిన కొంగలు ఉన్నాయి. లోపల 50 ఫొటోలున్నాయి. గొడుగులు పట్టుకున్న స్త్రీలు, ఆరుబయట కూర్చున్న పెద్ద బుద్ధ విగ్రహం, మంచు కప్పిన కొండ కనిపిస్తున్నాయి. అన్నిటికీ రంగులున్నాయి. ప్రతి ఫొటో అడుగున ఒక అంకె, ఇంగ్లీషులో ఒక పేరు ఉన్నాయి గాని, తీసినవారి పేరు ఎక్కడా లేదు. ఇవి ఏ కాలానివి? ఎవరు తీసి ఉంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు రాసిన గుర్తులన్నీ ఒకే ఊరిని చూపిస్తున్నాయి. మీ దగ్గర ఉన్నది జపాన్‌లోని యోకోహామా రేవులో, ఇంచుమించు 1880 నుంచి 1900 వరకు గల కాలంలో, విదేశీ యాత్రికులకు అమ్మడం కోసం తయారుచేసిన ఆల్బమ్ అయి ఉండాలి. మెరిసే అట్టలు, చిప్ప పొదుగు, లోపల 50 లేదా 100 ఫొటోలు, ఫొటో అడుగున చిన్న అక్షరాలలో అంకె, ఇంగ్లీషు పేరు, ఇవన్నీ ఆ వ్యాపారం స్థిరపడ్డాక అక్కడి స్టూడియోలు అనుసరించిన పద్ధతులు. అట్టల మీది పూత మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క వంటిది కాదు. మన లక్క పురుగు నుంచి వస్తుంది. జపాన్ పూతను ఒక చెట్టు పాలతో తయారుచేస్తారు. దానిని పొర మీద పొరగా పూసి, ఆరనిచ్చి, నునుపు చేస్తారు.

యోకోహామా ఒకప్పుడు చేపలు పట్టుకునేవారి చిన్న పల్లె. జపాన్ 1858లో పాశ్చాత్య దేశాలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం 1859లో దానిని విదేశీ వర్తకానికి తెరిచారు. 1867 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యోకోహామా మీదుగా హాంకాంగ్‌కు ఆవిరి ఓడలు క్రమం తప్పకుండా నడవడం మొదలైంది. 1869 మే నెలలో అమెరికా ఖండాన్ని అడ్డంగా దాటే రైలు మార్గం పూర్తయింది, అదే ఏడాది నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకుంది. దీంతో, డబ్బూ తీరికా ఉన్నవాడు టికెట్లు కొనుక్కుని భూమిని చుట్టిరావడం సాధ్యమైంది. ఇంగ్లండ్‌లో యాత్రలు ఏర్పాటు చేసే వ్యాపారి థామస్ కుక్ 1872లో తన మొదటి భూప్రదక్షిణ బృందాన్ని వెంటబెట్టుకుని బయలుదేరి, 222 రోజుల ఆ ప్రయాణంలో జపాన్‌ను కూడా చూశారు. ఇలా వచ్చినవారి దగ్గర కెమెరా ఉండేది కాదు. ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి గుడారం మోసుకు తిరగడమే. తాము చూసినదానికి గుర్తుగా ఏదైనా ఇంటికి తీసుకుపోవాలంటే స్టూడియోలో కొనుక్కోవలసిందే.

యాత్రికులు ఏం చూడవచ్చో కూడా ఒక నిబంధనే నిర్ణయించింది. 1899 వరకు విదేశీయులు ప్రత్యేక అనుమతి పత్రం లేకుండా రేవు నుంచి పది 'రి'లు, అంటే సుమారు 40 కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. మీ ఆల్బమ్‌లోని పెద్ద బుద్ధ విగ్రహం కామకురాలోనిది. 13వ శతాబ్దపు ఆ కంచు విగ్రహం ఆ హద్దు లోపలే ఉంది. అందుకే యోకోహామా ఆల్బమ్‌లలో అది తప్పనిసరిగా కనిపిస్తుంది. జాగ్రత్తగా చూడండి, కొన్ని ఫొటోల్లో విగ్రహం ఒడిలోనో, చేతుల మీదనో కూర్చున్న మనుషులు కనిపిస్తారు. విగ్రహం ఎంత పెద్దదో తెలియడానికి అలా కూర్చోబెట్టేవారు. భక్తితో కొలిచే మూర్తి మీదికి మనుషులను ఎక్కించి తీసిన ఆ ఫొటోలను చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక తీసినవారి సంగతి. షిమోకా రెంజో 1862లోనే యోకోహామాలో స్టూడియో పెట్టారు. అదే ఏడాది నాగసాకిలో ఉఎనో హికోమా స్టూడియో తెరిచారు. కాబట్టి ఈ విద్యను విదేశీయులే వచ్చి నడిపారనుకోవడం సరికాదు. అయితే యాత్రికుల వ్యాపారానికి ఒక రూపం తెచ్చినది 1863లో అక్కడికి చేరిన ఫెలీచె బియాటో. 1857 తిరుగుబాటు తర్వాత, 1858లో లక్నో, ఢిల్లీ నగరాలను, 1860లో చైనా యుద్ధాన్ని ఫొటో తీసిన మనిషి ఆయనే. యోకోహామాలో చార్లెస్ వర్గ్‌మన్ అనే చిత్రకారుడితో కలిసి స్టూడియో నడిపారు. 1868 నాటికి దృశ్యాలు ఒక సంపుటంగా, మనుషులూ వృత్తులూ మరొక సంపుటంగా అమ్మకానికి పెట్టారు. తర్వాత వచ్చినవారందరూ ఆ విభజననే పాటించారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన రైముండ్ ఫాన్ స్టిల్‌ఫ్రీడ్, బియాటో దగ్గర రంగులద్దే పనితో మొదలై 1881 ప్రాంతంలో సొంత స్టూడియో పెట్టుకున్న కుసాకాబె కింబెయ్, ఇటలీకి చెందిన అడోల్ఫో ఫర్సారి, తమామురా కొజబురో ఆ తర్వాతి పెద్ద పేర్లు. మీ ఆల్బమ్ వీరిలో ఎవరిదో తేల్చే మార్గాన్ని కింద నాలుగో జవాబులో వివరించాను.

ప్రశ్న: రంగుల ఫిల్మ్ ఇరవయ్యో శతాబ్దంలో గాని రాలేదంటారు. మరి 1880లలోనే అంత చక్కని రంగులు ఎలా వచ్చాయి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ రంగులు కుంచెతో అద్దినవి. ఫొటో నలుపు తెలుపులలో, కచ్చితంగా చెప్పాలంటే ముదురు గోధుమ ఛాయలలో తయారయ్యేది. ఆ తర్వాత మనిషి కూర్చుని ఒక్కొక్క ప్రింటుకూ విడివిడిగా రంగులు వేసేవాడు.

మొదట గాజు పలక సంగతి చూద్దాం. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన పద్ధతి ప్రకారం, శుభ్రం చేసిన గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని పోసి, పలకను నాలుగు మూలలకూ వంచుతూ అంతటా సమంగా పారేలా చేసి, మిగిలినదాన్ని ఒక మూల నుంచి మళ్లీ సీసాలోకి వంచేవారు. తర్వాత చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే మళ్లీ చీకటిలోకి తెచ్చి కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాలలో ముగియకపోతే పలక పాడైపోతుంది. అందువల్ల కొండ మీద తీసినా, గుడి ముందు తీసినా, చీకటి గుడారం పక్కనే ఉండాలి. 1880 ప్రాంతం నుంచి ముందే తయారుచేసిన పొడి పలకలు బజారులో దొరకడంతో ఈ హైరానా తగ్గింది.

ప్రింటు కోసం వాడిన కాగితం మరీ విచిత్రమైనది. పలుచని కాగితానికి ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొనను పూసి ఆరబెట్టి, వాడే ముందు సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలవేసి తీసేవారు. దీనిని 1850లో ఫ్రాన్స్‌కు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ ప్రకటించారు. ఆల్బ్యుమెన్ కాగితం అని దాని పేరు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరం ఈ కాగితానికి ప్రపంచంలోనే పెద్ద కేంద్రం. 1888లో అక్కడి ఒక్క కంపెనీయే 60 లక్షలకు పైగా గుడ్లు వాడింది. ఈ కాగితాన్ని నెగటివ్ పలకకు, అంటే వెలుగునీడలు తారుమారుగా పడిన ఆ గాజు పలకకు ఆనించి, చట్రంలో బిగించి ఎండలో పెడితే బొమ్మ దానంతట అదే తేలేది. పెద్దది చేసే యంత్రాలు వాడుకలో లేవు కనుక, ప్రింటు ఎంత ఉందో గాజు పలక కూడా అంతే ఉండాలి. మీరు పాత ఆల్బమ్‌లో చూసే సుమారు 20 × 26 సెంటీమీటర్ల ఫొటో వెనుక అదే కొలత గల గాజు పలక ఒకటి ఉండేదన్నమాట. వాన పడినా, మబ్బు పట్టినా ఆ రోజు ప్రింట్లు ఆలస్యమైపోయేవి. బంగారు లవణంతో కడిగితే బొమ్మకు నిలకడ, ఊదా ఛాయ వచ్చేవి.

ఈ దశ దాకా కైరోలో గాని, వెనిస్‌లో గాని జరిగే పని ఇదే. యోకోహామా ప్రత్యేకత దీని తర్వాతి దశలో ఉంది. చెక్క అచ్చుల మీద రంగుల బొమ్మలు వేసే సంప్రదాయం జపాన్‌లో అప్పటికే శతాబ్దం పైగా వేళ్లూనుకుని ఉంది. ఆ విద్యలో చేయి తిరిగినవారు స్టూడియోలలో చేరారు. నీటిలో కలిపిన పలుచని రంగులను, కింద ఉన్న ఫొటో నీడలు కనబడేటట్టే అద్దడం వారికి వచ్చిన పని. కిమోనో అనే జపాన్ సంప్రదాయ దుస్తు మీది పూల కొమ్మకు ఒక రంగు, నడుము పట్టీకి మరొక రంగు, పెదవికి ఒక చుక్క ఎరుపు, ఇలా గోరంత చోటులో కూడా కుంచె గీత దాటదు. భూతద్దంతో చూస్తే తలలోని దువ్వెన మీద చుక్కలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఫర్సారి స్టూడియోలో మంచి చేయి ఉన్న పనివాడు రోజుకు రెండు మూడు ప్రింట్లకు మించి ముగించేవాడు కాదు. 1891లో ఆ స్టూడియోలో 32 మంది పనిచేస్తే వారిలో 19 మంది రంగులద్దేవారే. చాలా చోట్ల ముఖాలు ఒకరు, బట్టలు మరొకరు, ఆకాశం ఇంకొకరు వేసేలా పని పంచుకునేవారు. 1890 దశకం చివరలో బోస్టన్ నగరంలోని ఒక ప్రచురణకర్త తమామురాకు ఇచ్చిన ఆర్డరు పది లక్షల ప్రింట్ల దాకా ఉంది.

యాత్రికుడు వెల పెట్టి కొన్న అందంలో ఎక్కువ భాగం ఈ కుంచె పట్టినవారి చేతి పని. ఆల్బమ్ మీద స్టూడియో యజమాని పేరైనా అప్పుడప్పుడు దొరుకుతుంది గాని, వీరి పేర్లు ఆ ఆల్బమ్‌లలో కనిపించవు. ఈ ఫొటోల గురించి రాసేటప్పుడు ‘ఫలానా వారు తీసిన రంగుల ఫొటో’ అనే మాటతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. తీసినవారు ఒకరు, దానికి ప్రాణం పోసినవారు మరికొందరు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రంగు అద్దినవారు చాలాసార్లు ఆ మనిషిని గాని, ఆ స్థలాన్ని గాని చూసి ఉండరు. ఒకే ఫొటో రెండు ఆల్బమ్‌లలో దొరికినప్పుడు ఒకదానిలో నీలి కిమోనో, రెండోదానిలో ఆకుపచ్చ కిమోనో ఉండడం సాధారణం. ఆ కాలపు వారు ఏ రంగు బట్టలు కట్టేవారో ఈ ఫొటోలను బట్టి తేల్చకూడదు.

ప్రశ్న: నేను హైస్కూలులో సాంఘిక శాస్త్రం చెబుతాను. కవచం తొడుక్కున్న సమురాయ్, పల్లకీలో వెళ్లే స్త్రీ, వానలో గొడుగు పట్టుకున్న అమ్మాయి, ఇలాంటి పాత జపాన్ ఫొటోలను ఇంటర్నెట్ నుంచి తీసి పిల్లలకు చూపిస్తుంటాను. ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపేదే కదా! వీటిని చరిత్రకు సాక్ష్యంగా తీసుకోవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: తీసుకోవచ్చు. అయితే అవి దేనికి సాక్ష్యమో ముందు తేల్చుకోవాలి. వచ్చిన ప్రశ్నలన్నిటిలోనూ నాకు అతి ముఖ్యమైనదిగా తోచినది ఇదే.

కొన్ని తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. సమురాయ్‌లు, అంటే పాత జపాన్ యోధ వర్గంవారు, జుట్టు ముడి తీసేసి క్రాపు చేయించుకోవచ్చునని ప్రభుత్వం 1871లో ప్రకటించింది. 1872లో యోకోహామా నుంచి టోక్యోలోని షింబాషికి రైలు నడిచింది. 1873లో చక్రవర్తి మెయిజీ స్వయంగా జుట్టు కత్తిరించుకుని, పాశ్చాత్య సైనిక దుస్తులలో కుర్చీ మీద కూర్చుని అధికారిక ఫొటో తీయించుకున్నారు. దానిని తీసినవారు ఉచిదా కుయిచి. 1876లో నడుముకు కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించారు. అంటే 1880లలో ఓడ దిగిన యాత్రికుడు రైలెక్కి టోక్యో వెళ్లి, దారిలో టెలిగ్రాఫ్ స్తంభాలు చూసి, తిరిగివచ్చి స్టూడియోలో కత్తి పట్టిన సమురాయ్ ఫొటో కొనుక్కున్నాడు. ఆ ఫొటోలో ఉన్నది కూలికి వచ్చి, స్టూడియో పెట్టెలోని పాత కవచం తొడుక్కుని నిలబడిన మనిషి కావడానికే అవకాశం ఎక్కువ.

మీరు చెప్పిన వానలో అమ్మాయి ఫొటోనే తీసుకుందాం. కింబెయ్ స్టూడియోలో తయారై విపరీతంగా అమ్ముడుపోయిన బొమ్మ అది. గొడుగు గాలికి ఎదురుగా వంగి ఉంటుంది, కిమోనో అంచు వెనక్కి ఎగిరిపోతూ ఉంటుంది, ఏటవాలుగా వాన ధారలు పడుతుంటాయి. ఆ కాలపు కెమెరాతో ఎగురుతున్న బట్టను అంత స్పష్టంగా పట్టుకోవడం కుదరదు. ఆమె నిలబడినది గది లోపల, తెర ముందు. బట్ట అంచును కనబడని ఆధారంతో ఎగిరినట్టు నిలిపారు. వాన ధారలన్నీ నెగటివ్ పలక మీద సూదితో గీసిన గీతలు. ఇంటర్నెట్‌లో ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆమె పాదాల దగ్గర నేల పొడిగానే కనిపిస్తుంది. చెక్క అచ్చు బొమ్మల్లో అంతకు ముందు నుంచీ ఉన్న వాన దృశ్యాన్ని ఫొటోలోకి తెచ్చిన నేర్పు అది. మోసం అనే మాట దానికి తగదు. తయారుచేసినవారికీ, కొన్నవారిలో చాలామందికీ అది అలంకరణ అని తెలుసు. ఆ తెలివిడిని వదిలేసి మనం దానిని వీధిలో తీసిన ఫొటోగా పిల్లలకు చూపిస్తే, పొరపాటు మనదవుతుంది.

కొనేవాడు కోరినదే స్టూడియో తయారుచేసింది. కొనేవాడికి కావలసినది మారుతున్న జపాన్ కాదు. తన ఊళ్లోనే ఉన్న ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని ఇక్కడ కూడా కొనుక్కుపోవడానికి అతడు ఇన్ని వేల మైళ్లు రాలేదు. అందువల్ల పల్లకీ ఆల్బమ్‌లోకి వచ్చింది, రైలు చాలావరకు బయటే ఉండిపోయింది. కొత్తగా బడికి పోతున్న పిల్లలు, పట్టు మిల్లులో పనిచేసే ఆడపిల్లలు, ప్యాంటు కోటు వేసుకున్న గుమాస్తాలు అరుదుగా కనిపిస్తారు. టీ పోస్తూ, అద్దంలో చూసుకుంటూ, నిద్రపోతూ ఉన్న స్త్రీలు మాత్రం పేజీ పేజీకీ వస్తారు. ఆ స్త్రీలలో చాలామంది డబ్బు తీసుకుని కూర్చున్న మోడళ్లు. ఒకే ముఖం ఒక ఫొటోలో వడ్డించే మనిషిగా, మరొక ఫొటోలో పెద్దింటి ఇల్లాలిగా కనిపించడం ఆల్బమ్‌లు తిరగేసేవారికి అనుభవమే. విదేశీ యాత్రికుడి కంటికి ఆసియా స్త్రీ ఎలా కనబడాలో ఆ ఫొటోలు చెబుతాయి, ఆమె ఎలా బతికిందో చెప్పవు.

ఇంతమాత్రాన ఆల్బమ్‌లో సగాన్ని కొట్టిపారేయవద్దని కూడా అంతే గట్టిగా చెబుతున్నాను. స్టూడియో గదిలో తీసినవి వేరు, ఆరుబయట తీసినవి వేరు. యోకోహామాలోని హొన్‌చో వీధి, హకోనె దారిలో దేవదారు చెట్ల వరుసలు, నిక్కో ఆలయాలు, వాగుల మీద చెక్క వంతెనలు, వీటిని తెచ్చి గదిలో పెట్టలేరు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో, దాని వెనువెంటనే రేగిన మంటల్లో యోకోహామా దాదాపు నేలమట్టమైంది. అంతకు ముందు ఆ వీధులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి ఈ యాత్రికుల ఫొటోలే పెద్ద ఆధారం. తరగతిలో సమురాయ్ ఫొటోను, 1873 నాటి చక్రవర్తి ఫొటోను పక్కపక్కన పెట్టి, రెండూ ఇంచుమించు ఒకే కాలానివని చెప్పి, ఎవరు ఎవరి కోసం తీయించారో పిల్లలనే అడగండి. వారు తప్పకుండా చెప్పగలరు.

ప్రశ్న: ఒకే ఫొటో కింద ఒక మ్యూజియం బియాటో పేరు, మరొక మ్యూజియం స్టిల్‌ఫ్రీడ్ పేరు, వేలంవారు ఫర్సారి పేరు వేస్తున్నారు. ముగ్గురూ ఎలా తీస్తారు?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తీసినది ఒకరే, అమ్మినవారు ముగ్గురు. స్టూడియోను అమ్మేవారు కెమెరాలతో పాటు నెగటివ్ పలకలను కూడా అప్పగించేవారు. పలక ఎవరి దగ్గర ఉంటే ప్రింట్లు వారి పేరు మీద బజారుకు వచ్చేవి. బియాటో 1877లో తన స్టూడియోను, నెగటివ్‌లను స్టిల్‌ఫ్రీడ్‌కూ ఆయన భాగస్వామికీ అమ్మేశారు. ఫర్సారి 1885లో స్టిల్‌ఫ్రీడ్ పెట్టిన సంస్థను కొన్నారు. కింబెయ్ చేతికి కూడా పూర్వుల పలకలు కొన్ని చేరాయి. ఆ రోజుల్లో దీనిని ఎవరూ తప్పుగా భావించలేదు.

దీనికి తోడు అగ్నిప్రమాదాలు ఉన్నాయి. 1866 నవంబరులో యోకోహామాలో చెలరేగిన మంటల్లో బియాటో స్టూడియో, అప్పటిదాకా తీసిన నెగటివ్‌లు పోయాయి. ఆయన మళ్లీ ఊరూరూ తిరిగి తీసుకోవలసి వచ్చింది. 1886లో ఫర్సారి నెగటివ్‌లు కూడా అలాగే కాలిపోయాయి. ఆయనా నెలల తరబడి దేశమంతా తిరిగి కొత్తవి తీసి, 1887లో స్టూడియోను మళ్లీ తెరిచారు. ఒకే స్థలాన్ని ఒకే కోణంలో ఏళ్ల తేడాతో ఇద్దరు తీసిన ఫొటోలు ఉండడానికి ఇదొక కారణం.

కాబట్టి ఫొటో అడుగున ఉన్న అంకె, ఆ అక్షరాల తీరు ముఖ్యమైన ఆధారాలు. కింబెయ్ జాబితాలో ఇంచుమించు 2,000 దృశ్యాలుండేవి, ప్రతిదానికీ ఒక అంకె. వాటిని చూసి యాత్రికుడు తనకు కావలసిన 50 ఎంచుకుంటే స్టూడియో ఆల్బమ్ కట్టించి ఇచ్చేది. ఆ అంకెలను పరిశోధకులు చాలావరకు క్రోడీకరించారు. నాగసాకి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ కాలపు ఫొటోలను ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా ఉంచింది. విశాఖపట్నం పాఠకురాలు తమ ఆల్బమ్‌లోని పది పన్నెండు అంకెలను, ఇంగ్లీషు పేర్లను రాసుకుని అక్కడ పోల్చి చూస్తే స్టూడియో పేరు తెలిసే అవకాశం బాగా ఉంది. ఒక్క ఫొటోతో నిర్ధారణకు రావద్దు. ఒకే ఆల్బమ్‌లో రెండు స్టూడియోల ఫొటోలు కలిపి కట్టినవి కూడా ఉన్నాయి.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి స్టూడియోలు లేవా? మా సికింద్రాబాద్‌లోని రాజా దీన్‌దయాళ్ స్టూడియో కూడా యాత్రికుల కోసం పెట్టినదేనా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో బ్యాంకు ఉద్యోగం వదులుకుని 1863లో కలకత్తాలో దిగిన శామ్యూల్ బోర్న్, సిమ్లా కేంద్రంగా వ్యాపారం మొదలుపెట్టి, బోర్న్ అండ్ షెపర్డ్ అనే సంస్థకు పేరు తెచ్చారు. హిమాలయాలలోకి మూడు పెద్ద యాత్రలు చేశారు. 1866లో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మనిరంగ్ కనుమ దగ్గర ఫొటోలు తీశారు. పైన చెప్పిన తడి పలకలు, రసాయనాలు, గుడారం అన్నీ కూలీల వీపుల మీదనే అంత ఎత్తుకు చేరాయి. ఆ సంస్థ కలకత్తాలో 2016 వరకు నిలిచింది. 1991లో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నెగటివ్‌లు ఎన్నో పోవడం మన దేశానికి తీరని నష్టం. అక్కడా ప్రతి ఫొటో మీద అంకె, పేరు ఉండేవి. యాత్రికుడు జాబితా చూసి కొనుక్కునేవాడు. బేరూత్‌లో 1867లో బోన్‌ఫిస్ కుటుంబం పెట్టిన స్టూడియో కూడా ఇదే తీరులో నడిచింది. ఫెలిక్స్ బోన్‌ఫిస్ 1871 నాటికే తన దగ్గర 15,000 ప్రింట్లు ఉన్నట్టు రాసుకున్నారు.

దీన్‌దయాళ్ కథ కొంత వేరు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో చేరిన ఆయన ఉద్యోగంలో ఉండగానే కెమెరా పట్టారు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతంలోని కట్టడాలను ఫొటో తీశారు. ఆ తర్వాత ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొంది, సికింద్రాబాద్‌లోను, 1896లో బొంబాయిలోను స్టూడియోలు నడిపారు. ఆయనకు ప్రధాన ఆధారం దర్బారు, సైన్యాధికారులు, సంపన్న కుటుంబాలు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం, ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో ప్రత్యేక స్టూడియో తెరిచారు. 1893లో హైదరాబాద్‌కు వేటకు వచ్చిన ఆస్ట్రియా రాకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వంటి అతిథులను కూడా ఆయన సంస్థే ఫొటో తీసింది. చార్మినార్, గోల్కొండ, ఎల్లోరా దృశ్యాల ప్రింట్లు బయటివారికి అమ్మిన మాట నిజమే గాని, అది ఆయన పనిలో ఒక పాయ మాత్రమే. యోకోహామా స్టూడియోల పక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ మోడల్‌కు పేరు లేదు, ‘సమురాయ్’, ‘టీ అమ్మాయి’ అని వేస్తారు. దీన్‌దయాళ్ స్టూడియోకు వచ్చి కూర్చున్నవారిలో ఎక్కువమంది తమ ఫొటోను తామే డబ్బిచ్చి తీయించుకున్నారు. వారి పేర్లు స్టూడియో పుస్తకాలకెక్కాయి. ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించి భద్రపరిచింది.

ప్రశ్న: ఇంత పెద్ద వ్యాపారం ఎందుకు ఆగిపోయింది?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: యాత్రికుడి చేతికే కెమెరా వచ్చింది. 1888లో వచ్చిన కొడాక్ కెమెరాలో ఫిల్మ్ చుట్ట ఉండేది. మీట నొక్కి, కెమెరాను కంపెనీకి పంపితే ప్రింట్లు ఇంటికి చేరేవి. దాని వెనుకే బొమ్మల పోస్టుకార్డులు వచ్చాయి. జపాన్‌లో 1900 నుంచి ప్రైవేటువారు కార్డులు అచ్చు వేసుకోవడానికి అనుమతి దొరికింది. 1904–05లో రష్యాతో జరిగిన యుద్ధ కాలంలో వాటి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. కొద్దిపాటి చిల్లరకు దొరికే కార్డు ముందు, చేత్తో రంగులద్దిన ఖరీదైన ఆల్బమ్ నిలవలేకపోయింది. రంగులద్దేవారిలో కొందరు కార్డుల మీద, దీపం వెలుతురుతో తెర మీద బొమ్మ చూపే మేజిక్ లాంతరు పలకల మీద అదే పని కొనసాగించారు.

ప్రశ్న: మా ఆల్బమ్‌లో కొన్ని ఫొటోలు పసుపు రంగుకు తిరిగాయి, అంచుల్లో పురుగు పట్టింది. శుభ్రం చేయించి, ఫొటోలు విడదీసి లామినేషన్ చేయించమని తెలిసినవారు అంటున్నారు. చేయించవచ్చా?
— మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలే

జవాబు: దయచేసి చేయించకండి. లామినేషన్ వేడికి, జిగురుకు తెల్లసొన పొర పగిలిపోతుంది. దానిని తిరిగి సరిచేయడం ఎవరి వల్లా కాదు. తడిగుడ్డ కూడా తగలనీయవద్దు. ఆ రంగులు నీటిలో కలిపి వేసినవి, తడి తగిలితే చెదిరిపోతాయి. మెత్తని పొడి కుంచెతో పేజీ అంచుల దుమ్మును బయటికి తోయండి, అంతవరకు చాలు. ఫొటోలను అట్టల నుంచి ఊడదీయకండి. ఈ ఆల్బమ్‌లకు ఫొటోల వరుస కూడా ఒక ఆధారమే, విడదీస్తే అది పోతుంది. సెల్లోటేపు ఎక్కడా అంటించవద్దు.

పసుపు రంగుకు కారణం వెలుతురు, తేమ. విశాఖపట్నం సముద్రపు గాలిలో తేమే పెద్ద శత్రువు. ఆల్బమ్‌ను నిలబెట్టకుండా, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, బయటి గోడకు ఆనని బీరువాలో, నేలకు ఎత్తుగా పెట్టండి. వానాకాలంలో నెలకొకసారి తెరిచి చూడండి. పిండి జిగురుకు, తెల్లసొనకు ఆశపడి వచ్చే వెండిరంగు చిన్న పురుగులు కనబడితే, మందు చల్లకుండా, పురాతన పత్రాల సంరక్షణ తెలిసినవారికి చూపించండి. గోడకు తగిలించి ఎండ తగలనివ్వవద్దు. ఇంట్లోవారందరికీ చూపించాలంటే ప్రతి పేజీని ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో ఒకసారి జాగ్రత్తగా ఫొటో తీసి పెట్టుకోండి, ఆ ఫొటోలను ఎంతమందికైనా పంపవచ్చు. మీ తాతగారి తండ్రి ఏ ఓడలో, ఏ సంవత్సరంలో పనిచేశారో పెద్దలకు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి పెట్టెలో ఉంచండి. ఆల్బమ్ లోపల మాత్రం ఏమీ రాయకండి.